ఐదు బెలూన్ల షరతు

ఆ ఆదివారం పొద్దున దుర్గారావు పెట్టుకున్న పని ఒక్కటే. ఎయిర్‌గన్‌కి స్కోప్ బిగించి, గురి కుదిర్చి, వరసగా ఐదు బెలూన్లు పేల్చి, భోజనం వేళకల్లా ఆ వీడియోను సోంపేటలో ఉన్న భార్య రోజారాణికి పంపాలి.

గొడవంతా చలికాలం మేళాలో మొదలైంది. బెలూన్ల దుకాణంలో రోజారాణి పన్నెండుకి పన్నెండూ పేల్చింది. ఒక్కటీ పేల్చలేని ఈ మహానుభావుడు, "ఏదో గుడ్డిగా తగిలీసినాయిలే!" అని పదిమందిలో నవ్వాడు.

"నువ్వు ఐదు కొట్టి చూపించు, అప్పుడొస్తాను" అని ఆవిడ మర్నాడే పుట్టింటికి రైలెక్కేసింది.

రెండు నెలలైంది. బెంగాల్ రేవు పక్కన వాట్‌గంజ్‌లోని ఆ ఒంటిగదిలో ఆవిడ చీర ఇంకా దండెం మీదే ఉంది. తీయడానికి అతనికి మనసొప్పలేదు. అన్నం సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు. ఆ ముక్క ఫోన్లో చెప్పొచ్చు కదా? అబ్బే, నామోషీ!

రేవులో దుర్గారావు క్రేన్ నడుపుతాడు. కింద నిలబడి చేత్తో సైగలు చేసేవాడు మరియదాసు. ఇరవై ఏళ్ల స్నేహం. అతన్నే మేడ మీద బెలూన్ల పక్కన, గోడ చాటున నిలబెట్టాడు.

మొదటి గుండు బెలూన్లకి జానెడు దూరంలో, నీళ్ల ట్యాంకు వైపు పోయింది. గుండు అటు పోయిందని చెప్పడానికి మరియదాసు ట్యాంకు వైపు చెయ్యి చాపాడు. రేవులో ఆ చెయ్యి ఎటు చూపిస్తే అటు కదలడమే దుర్గారావు ఉద్యోగం. స్కోప్ పక్కనున్న మరను అటే తిప్పాడు. రెండోది మూరెడు అవతలికి పోయింది. మరియదాసు ఈసారి రెండు చేతులూ చాపాడు. "ఇంకా తిప్పాలా?" అనుకుని దుర్గారావు ఇంకా తిప్పాడు.

మూడో గుండుకి ట్యాంకు గొట్టం పగిలింది. నీళ్లు చిమ్మి పక్క వాటా బెంగాలీ బౌదీ, అదే వదినగారు, ఆరబెట్టుకున్న వడియాల మీద పడ్డాయి. ఆవిడ "బందూక్!" అని కేక పెట్టింది. ఆ కేక విని కింద వాటా అప్పమ్మ సోంపేటకి ఫోన్ కొట్టింది.

"నీ మొగుడు మేడెక్కి తుపాకీ పేల్చేస్తన్నాడే!"

చేతులు మారి ఆ కబురు పుట్టింటి వీధి దాటేసరికి, అందులో దుర్గారావుని పోలీసులు పట్టుకుపోయారు కూడా.

మర్నాడు రోజారాణి షాలిమార్ స్టేషన్లో దిగి, ఠాణాలో మొగుడు తినడానికని తెచ్చిన చేగోడీల డబ్బాతో ఇంటికొచ్చింది. అప్పమ్మ పైకి చూపిస్తే మేడెక్కింది. మొగుడు ట్యాంకు గొట్టానికి గుడ్డ చుడుతున్నాడు.

"ఏటయ్యా ఇది?"

"నువ్వు లేకపోతే ఉండలేకపోతన్నానే" అన్నాడు దుర్గారావు.

"ఈ ముక్క సెప్పడానికి తుపాకీ ఎందుకు?" అంటూ కళ్లు తుడుచుకుని, ఆవిడ స్కోప్ ఊడదీసి అతని చేతిలో పెట్టింది. ఉత్త కంటితో గురి చూసి ఐదు బెలూన్లూ పేల్చేసింది.

షరతు ప్రకారం చూస్తే మాత్రం, ఆవిడింకా సోంపేటలోనే ఉండాలి.