చీకటి పడ్డాక స్నైపరై చూడండి!

మనిషిగా పుట్టినందుకు ఒక్కసారైనా చీకట్లో, పొదలో, బోర్లా పడుకుని దోమల చేత కుట్టించుకోవాలి. అంతకు మించిన సుఖం ఇంకోటి లేదని పూచీపడి చెబుతున్నాను. నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నాను.

ఎయిర్‌సాఫ్ట్ అని ఒక ఆట ఉంది. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. పొద్దస్తమానం కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషులు సైనికుల వేషాలు కట్టి, అచ్చం అసలువాటిలా ఉండే బొమ్మ తుపాకులు పట్టుకుని, ఒకరినొకరు ప్లాస్టిక్ గుళ్లతో కాల్చుకుంటారు. పిల్లలు ఆడితే దాన్ని అల్లరంటారు. ఉద్యోగస్తులు ఆడితే టీమ్ బిల్డింగ్ అంటారు! మా కంపెనీ నెలకోసారి శనివారం, చీకటి పడేదాకా ఆపి మరీ, మా చేత ఈ ఆట ఆడిస్తోంది.

ఇందులో నాకు దక్కిన హోదా స్నైపర్. అంటే పొదలో నక్కి, దూరం నుంచి గురి చూసి, ఒక్క గుండుతో పని కానిచ్చేవాడన్నమాట. అంత పెద్ద పదవి నాకెలా వచ్చిందంటారా? మిగతావాళ్లందరికీ పరిగెత్తడం వచ్చు.

ఆ సుఖం ఏమని చెప్పను! ఇంట్లో సోఫా మీద ఓ గంట కదలకుండా పడుకుంటే పనీపాటా లేదా అంటారు. పొదలో అదే పని చేస్తే ఎంత క్రమశిక్షణో అంటారు. ఫోన్ మోగినా తియ్యనక్కర్లేదు, వెలుగు పడితే దొరికిపోతాం కదా! ప్యాంటులోకి చీమలు దూరినా కిక్కురుమనకూడదు. పెళ్లైన దగ్గర్నుంచీ మా అత్తగారి ఎదుట ఆ విద్యే సాధన చేస్తున్నవాణ్ణి, నాకు చీమలొక లెక్కా?

అన్నిటికన్నా గొప్పది ఈ ఆటలో ఉన్న రూలు. దీనికి అంపైరు లేడు. గుండు తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి, 'హిట్' అని అరిచి, మైదానం బయటికి నడవాలి. వాడు ఒప్పుకుంటేనే తగిలినట్టు. మనుషుల మంచితనం మీద ఇంత నమ్మకం పెట్టుకున్న ఆట ఇంకెక్కడైనా చూశారా?

పట్టపగలు నలుగురూ చూస్తుంటే ఆ మంచితనం కాస్తోకూస్తో పనిచేస్తుందేమో. చీకట్లోనా? మా అకౌంటెంటు వీపుకి గుండు తగిలి టప్పుమన్న చప్పుడు నా పొదలోకి వినిపించింది. ఆయన వీపు గోక్కుని ముందుకు సాగిపోయాడు. సేల్స్ చూసే ఆయన హెల్మెట్‌కి తగిలితే, ఎవరో పిలిచారనుకుని వెనక్కి తిరిగి పలికాడు. హెచ్ఆర్ మేడమ్ అయితే చెట్టు మీంచి కాయ రాలిందని ఆ చెట్టునే తిట్టిపోసింది.

ఇక మా మేనేజరు గారు! ఆయన్ని కాల్చీ కాల్చీ నా వేలు వాచిపోయింది. ఆయన మాత్రం గుళ్ల వానలో గొడుగేసుకున్న మనిషిలా నింపాదిగా నడుచుకుంటూ పోతారు. ఇంతమంది చావులేనివాళ్ల మధ్య కూర్చుని ఉద్యోగం చేసుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

మరి నా సంగతేమిటంటారా? గుండు వచ్చి పక్కనున్న చెట్టుకి తగిలితే నేను చెయ్యెత్తేస్తాను. ఏం చెయ్యను, అలవాటైపోయింది! ఇంట్లో కూర మాడినా, ఆరేసిన బట్టలు వానకి తడిసినా సారీ చెప్పేది నేనే. ఆఫీసులో ప్రింటర్ మొరాయిస్తే, నేను ఆ పూట సెలవులో ఉన్నా సరే, అందరూ నా కుర్చీ వైపే చూస్తారు. మా ఆవిడ ఒకసారి విసిగిపోయి, తప్పులంటే మీకెందుకండీ అంత ప్రేమ, ఊళ్లోవాళ్లవన్నీ ఇంటికి మోసుకొస్తారు అంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాది కర్టెన్లు కుట్టించి ఇచ్చే కంపెనీ. ఈమధ్య ఒక పెద్ద హోటల్లో గదులన్నిటికీ కుట్టించి పంపాం. తీరా తగిలిస్తే అవి సగం కిటికీ దాకా వచ్చి ఆగిపోయాయి. కిటికీలన్నిటికీ నిక్కర్లు తొడిగినట్టుందని హోటల్ వాళ్లు ఫోన్ చేసి చెడామడా తిట్టారు.

ఆ కొలతలు మేనేజరు గారు నోటితో చెప్పారు, నేను రాసుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను, తిరిగి చదివి వినిపించాను కూడా. సోమవారం ఓనరు గారు వచ్చి సంగతి తేలుస్తారట. తప్పు ఎవరిదని తేలితే వాడు ఇంటికే!

శనివారం ఆటకి బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

"సోమవారం మాత్రం చెయ్యెత్తకండి, మీకు దణ్ణం పెడతాను," అంది.

ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి, ఆ మాట అంటున్నప్పుడు మొహంలో నవ్వు లేదు. నాకు నిజంగా భయమేసింది. నా మీద నాకే నమ్మకం లేకపోతే ఆవిడకి మాత్రం ఎలా ఉంటుంది?

ఆ సాయంత్రం నా పొదలో నేను పడుకుని ఉండగా మేనేజరు గారు వచ్చి, సరిగ్గా నా ముందే ఉన్న రాయి మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. నేనున్నట్టు ఆయనకి తెలీదు. చెవుల మీద హెల్మెట్ ఉంది కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టుకున్నారు. అవతల ఉన్నది మా ఓనరు గారు.

"మీరు కంగారు పడకండి సార్. కొలతలు మావాడే తప్పు రాసుకున్నాడు. సోమవారం మీ ముందు ఒప్పుకుంటాడు. వాడు దేన్నైనా ఒప్పుకునే రకం," అంటున్నారు మేనేజరు గారు.

నాకు ఒళ్లు మండిపోయింది. కాల్చేద్దామంటే వీల్లేదు. స్నైపర్ తుపాకీ దెబ్బ గట్టిగా తగులుతుంది కాబట్టి ఇంత దగ్గర్లో ఉన్నవాడి మీద పేల్చకూడదు. వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే అవుటైనట్టే లెక్క. పొదలోంచి పాకి వెళ్లి చెయ్యి వేశాను. ఆయన పెట్టిన కేకకి మైదానంలో ఆట ఆగిపోయింది.

ఏమైందయ్యా అని ఓనరు గారు ఫోన్లో కంగారుపడ్డారు. నేను వంగి, నేను సార్, ఆర్డర్లు రాసుకునేవాణ్ణి, కొలతలు నాకు చెప్పింది ఈయనే, కావాలంటే ఈయన్నే అడగండి అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది.

అవతల్నుంచి ఓనరు గారు, ఏమండీ మేనేజరు గారూ, నిజమేనా అని అడిగారు.

మేనేజరు గారు ఏం చేశారనుకుంటున్నారు? ఫోన్ నా చేతిలో పెట్టారు. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తారు. మైదానమంతా వినపడేలా హిట్ అని అరిచి, తలొంచుకుని బుద్ధిగా బయటికి నడిచి వెళ్లిపోయారు. అవుటైనవాడు చచ్చినవాడితో సమానం, నోరు విప్పకూడదు అని ఈ ఆటలో ఇంకో రూలుంది లెండి. ఇన్నాళ్లూ ఎన్ని గుళ్లు తగిలినా చావని మనిషి, ఒక్క ప్రశ్న అడిగేసరికి టపీమని చచ్చిపోయాడు!

చీకట్లో నేనూ ఆ ఫోనూ మిగిలాం.

ఆయన మాట్లాడరేం, అయితే తప్పు నీదేనా అని ఓనరు గారు గద్దించారు. చెబితే సిగ్గుచేటు, నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. ఫోన్లో చెయ్యెత్తితే ఎవరికి కనపడుతుందండీ? అయినా లేచింది. దాన్ని పట్టుకొచ్చి ప్యాంటు జేబులో కుక్కాను.

"ఆయన ఇప్పుడే అవుటయ్యారు సార్, ఇక మాట్లాడరు. నేనింకా ఆటలోనే ఉన్నాను. తప్పు నాది కాదు."

ఓనరు గారు సరే, సోమవారం ఇద్దరూ కలిసి రండి అని పెట్టేశారు. ఇద్దరూ అనడం మా కంపెనీలో అదే మొదటిసారి.

ఇంటికెళ్లి మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. స్టవ్ కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏమన్నారో మళ్లీ అనండి," అంది.

తప్పు నాది కాదన్నానే అన్నాను. ఇంకోసారి అనమంది. మళ్లీ అన్నాను. కళ్లు తుడుచుకుని నవ్వేసింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లైందో నాకు గుర్తు లేదు.

సోమవారం ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇది రాసేటప్పటికి నాకు తెలీదు, ఇవాళ ఇంకా ఆదివారమే. పొద్దున్న మాత్రం మా అత్తగారికి ఎంతో ఇష్టమైన పింగాణీ కప్పు వంటింట్లో భళ్లున పగిలింది. ఎప్పట్లాగే ఇంటిల్లిపాదీ నా వైపు తిరిగారు. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని, నేను కాదు అన్నాను. అందరూ నమ్మేశారు. అత్తగారు సైతం పిల్లిని అనుమానించి ఊరుకున్నారు.

పగలగొట్టింది నేనే అనుకోండి. కానీ ఒప్పుకోకపోవడంలో ఇంత హాయి ఉందని ఇన్నేళ్లూ నాకు ఒక్కరైనా చెప్పలేదేమండీ?