గాలికి మడి కట్టిన మూసాపేట

తడి బట్టలు ఆరేయడం దేశద్రోహం! ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు చూడండి. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, మూసాపేటలో మిల్లు కోసం స్విచ్ హౌస్ కట్టించిన ఇంజినీరు వెంకటనారాయణ గారికి తట్టింది. ఆయన నోట్లో చక్కెర పొయ్యాలి!

విషయం చాలా గంభీరమైనది, నవ్వకుండా వినండి. హై వోల్టేజ్ కరెంటు ఊరికే కూర్చునే రకం కాదు. సందు దొరికితే ఈ తీగ మీంచి ఆ తీగ మీదికి దూకుతుంది. దాన్ని ఆపడానికి కరెంటును కలిపి తెంపే కొత్త మోడల్ స్విచ్‌గేర్‌లో గాలిని నింపుతారు. అల్లరిచిల్లరగా తిరిగే గాలి కాదు సుమా! వడగట్టి, ఆరబెట్టి, కంప్రెసర్‌తో నొక్కి, ఇనప ట్యాంకులో బిగించిన గాలి. దానికి తేమ తగిలిందా, కరెంటు దూకుతుంది, మిల్లు ఆగిపోతుంది. మన మడికి తడిబట్ట కావాలి. ఈ గాలి మడికి తడి పొడ గిట్టదు, అంతే తేడా.

కిష్టమ్మకు ఈ మడి సంగతి తెలియదు. ఊరి బట్టలు ఉతికి, స్విచ్ హౌస్ పక్కనున్న బండ మీద ఆరేసుకోవడమే తెలుసు. వాళ్ల అత్త ఆరేసిన బండ, అత్తకు అత్త ఆరేసిన బండ! ఒకనాడు కాపలా ఐలయ్య వచ్చి, ఆరీ ఆరని చీరలన్నీ చుట్టచుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏందిరా ఐలయ్యా గిది?"

"నీ బట్టల తడి పోయి ఇంజినీరు దొర గాలికి అంటుతున్నదట వదినె. ఇగ బండ దిక్కు రావద్దన్నడు."

"గాలికి తడి అంటుడేంది? నీకేమన్న దయ్యం పట్టిందా?"

అజ్ఞానం! ఇంజినీరు గారు అక్కడితో ఆగే మనిషా? బర్రెలు ఊపిరి విడిస్తే ఆవిరి, కాబట్టి వాటికి ఆ దారి బంద్. గంజి వారిస్తే ఆవిరి, కాబట్టి గాలి చందానగర్ వైపు వీచినప్పుడే వార్చుకోవాలి. సాయిలు తాత పోయిన రోజు ఆడవాళ్లు గుండెలు బాదుకుంటుంటే, ఐలయ్య చేతులు జోడించి "జర గా గట్టు అవతలికి పోయి ఏడువుండ్రమ్మా" అని బతిమాలాడు. పాపం, వెళ్లి ఏడ్చి వచ్చారు. లాభం ఎంతో చూడండి! ఊళ్లో మొగుడూ పెళ్లాల కొట్లాటలే తగ్గిపోయాయి. కన్నీళ్లు పెట్టుకోవడానికి అంత దూరం ఎవరు నడుస్తారు?

ఒక్క కిష్టమ్మకే ఈ అభివృద్ధి పడలేదు. శ్రావణమాసం. ముసురు విడిచి కాస్త ఎండ పొడిచినా బండ మీదికి పోయే వీల్లేదు. గుడిసెలో దండెం మీద ఊరందరి పంచెలూ ముక్కిపోయి కంపు కొడుతున్నాయి. రుక్కమ్మ తన చీర వాసన చూసి, కిష్టమ్మ మొహం మీదికే విసిరికొట్టింది. రేపటి నుంచి కూకట్‌పల్లి వాళ్లతో ఉతికించుకుంటానంది. ఇల్లిల్లూ అదే మాట అంటే పొయ్యి మీద ఎసరెక్కదు. కిష్టమ్మకు కడుపు మండిపోయింది. తడి మూట నెత్తిన పెట్టుకుని నేరుగా స్విచ్ హౌస్‌కు నడిచింది.

వెంకటనారాయణ గారు బెజవాడ వైపు మర్యాదస్తులు. మూటను దూరంగా దింపించి, గుమ్మంలోంచే లోపలంతా చూపించారు. నున్నటి సిమెంటు గచ్చు, మూలన హీటరు, పట్టపగలే వెలుగుతున్న బల్బు.

"చూశావా అమ్మా, గాలిని ఎంత అపురూపంగా చూసుకుంటున్నామో!"

"గిది చేసే పనేంది దొరా?"

"కరెంటును అవతలికి పోనివ్వదమ్మా. అదే దాని ఉద్యోగం."

"గంతేనా? గా పని మా ఊరు సుత చేస్తున్నది గద దొరా! మీ తీగలు మా ఇండ్ల మీదికెల్లే పోయినయి. ఒక్క ఇంట్లకన్న కరెంటు దూకిందా? గా మూలకు ఎలుగుతున్నసొంటి బుగ్గ ఒక్కటన్న ఎలిగిందా? మమ్ములనే గా ట్యాంకుల పోయుండ్రి, గాలిని ఇడిచిపెట్టుండ్రి. నా బండ నాకియ్యుండ్రి."

శాస్త్ర ప్రకారం ఆమె మాటలో ఇంజినీరు గారికి ఎక్కడా తప్పు కనిపించలేదు. ఆమె నోటి ఆవిరి లోపలికి వస్తోందని తలుపు వేసుకున్నారు.