చుక్క నీరు చొరని డబ్బా

ఆదివారం పొద్దున్నే రికార్డు రూము గుమాస్తా తన ఫోనును మూట కట్టాడు. ముందు మూడు ప్లాస్టిక్ కవర్లు, పైన లోపలిది కనిపించే గట్టి డబ్బా, మూత చుట్టూ కరిగించిన లక్క, లక్క మీద ఆఫీసు ముద్ర. ఆఫీసు ముద్ర ఇంటికెలా వచ్చిందని అతన్ని ఎవరూ ఇంతవరకు అడగలేదు.

గుమ్మంలో నిలబడి భార్య అంతా చూసింది. "ఇన్నేళ్లలో నన్నొక్కసారైనా ఇంత జాగ్రత్తగా చూసుకున్నారా?"

"నువ్వు తడిస్తే ఆరుతావు. ఇది ఆరదు."

జాగ్రత్తకు కారణం ఉంది. నిరుడు వానలకు రికార్డు రూము కప్పు కారి నలభై కట్టల కాయితాలు కుళ్లిపోయాయి. కారుతున్నన్నాళ్లూ గుమాస్తా తన కుర్చీని మాత్రం పొడిచోటికి జరుపుకున్నాడు. సంజాయిషీ అడిగితే, 'నీటి నుంచి కాపాడటం మానవమాత్రుల వల్ల కాదు' అని రాసిచ్చాడు. కొత్త ఆఫీసరు ఈ రోజు పదింటికి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడుగుతానన్నాడు. జవాబు నచ్చితే ఫైలు మూస్తాడు. ఫోన్ ఎత్తకపోతే ఉద్యోగం ఊడబెరుకుతాడు. అప్పటిదాకా ఇంట్లో కూర్చుంటే గుండె ఆగేలా ఉందని, గుమాస్తా బావమరిదితో జలాశయం మీదికి చేపలు పట్టడానికి బయల్దేరాడు.

పడవ నడిమికి చేరింది. అవతలి ఒడ్డున గొడుగు కింద ఎవరో గాలం వేసుకుని కూర్చున్నారు.

సరిగ్గా పదికి డబ్బా మోగింది. తెర మీద 'కొత్త దయ్యం' అని వెలిగింది. ఆఫీసరు పేరు అతను అలాగే రాసుకున్నాడు.

"ఎత్తు బావా!"

"ఎలా ఎత్తనురా? వేలు దూరే సందుంటేగా!"

గోళ్లతో గీకాడు. పళ్లతో కొరికాడు. లక్క ఊడలేదు గానీ పన్ను కదిలింది. ఫోను ఆగి, మళ్లీ మోగింది.

"ఆ ఎరలు కోసే కత్తి ఇటివ్వు!"

"కూర్చో బావా, పడవ ఒరుగుతోంది!"

"ఉద్యోగం పోతుంటే కూర్చోమంటావేంట్రా?" అంటూ లేచి నిలబడ్డాడు. పడవ బోర్లాపడింది.

వేసవి కనుక నడిమధ్యన కూడా ఛాతీలోతే. ఇద్దరూ ఉక్కిరిబిక్కిరై లేచేసరికి డబ్బా మోగుతూ, గాలివాటున గొడుగు వైపు తేలిపోతోంది.

"గొడుగు సారూ, పట్టుకోండి! అందులో మా బావ ఉద్యోగముంది!" అని బావమరిది కేకేశాడు.

గొడుగు మనిషి చెవి దగ్గర ఫోను తియ్యకుండానే వంగి డబ్బా అందుకున్నాడు. తన ఫోను కట్ చేశాడు. డబ్బా ఆగింది. మళ్లీ నొక్కాడు. డబ్బా మోగింది. తెర మీద పేరు చదివాడు. లక్క మీద తన ఆఫీసు ముద్ర చదివాడు. కత్తి తీసి మూత విప్పి, కవర్లు ఒక్కొక్కటే ఒలిచి, ఫోనును వేలితో తడిమి చూశాడు.

రొప్పుతూ ఒడ్డుకొచ్చిన గుమాస్తా ఆ ముఖం చూసి మోకాలిలోతులోనే ఆగిపోయాడు.

"ఒక్క ప్రశ్నేనయ్యా," అన్నాడు ఆఫీసరు. "నీటి నుంచి కాపాడటం మనిషి వల్ల కాదన్నావు. మరి ఇదెవరు కట్టారు?"

వెనకే వచ్చిన బావమరిది గర్వంగా అందుకున్నాడు.

"మా బావే సార్! తన చేతుల్తోనే. గంటన్నర పట్టింది."

సోమవారం సస్పెన్షన్ ఉత్తర్వు మూడు కవర్లలో, లక్క ముద్రతో ఇంటికొచ్చింది. చుక్క తడి లేదు.