సర్కారువారి మూడు వేళ్లు

మనిషి కనిపెట్టిన వస్తువులన్నిటిలోకీ సురక్షితమైనది దరఖాస్తు. కాలువలో పడి మునిగినవాళ్లున్నారు గానీ, దరఖాస్తులో పడి మునిగినట్టు మా దిక్కు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు (మునిగినవాళ్లు పైకి తేలలేదేమో, అది వేరే సంగతి).

ఈ సత్యం నాకు మా ఊరి అంగన్‌వాడీ వల్ల తెలిసింది. అది నిజాంసాగర్ కాలువ గట్టు పక్కనే ఉంది. ముందు గోడ ఉంది, రెండు పక్కలా గోడలున్నాయి. వెనక, కాలువ వైపు మాత్రం లేదు. గాలి కోసం వదిలారట. గాలి బాగానే వస్తుంది. అక్కడికి పోయే మా పాప సింధూజకు అప్పుడప్పుడే నడక వచ్చింది. నడక వచ్చిన పిల్లకు గోడలున్న మూడు దిక్కులతో పనేముంటుంది? ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా నాకు కాలువ చప్పుడే వినిపించేది.

మా అత్త ముత్తవ్వ చేపల వలలు అల్లుతుంది. నా మొఖం చూసి తనే అంది: "గోడ కట్టుడు సర్కారు పని, వల అల్లుడు మన పని. ఆ ఎనుక దిక్కు వల కట్టేద్దాం తియ్యి పిల్లా. నీ పరేషాన్ చూడలేక నాకు నిద్ర పడ్తలేదు."

ఇద్దరం కూర్చుని అల్లాం. వెదురు సూదికి దారం చుట్టుకుని, వలలోని ప్రతి కంటికీ, అంటే ప్రతి రంధ్రానికీ, నాలుగు మూలలా ముడి. కన్ను ఎంతుండాలో అత్త మూడు వేళ్లు దూర్చి చూసేది. "తలకాయ పట్టొద్దు, కాలు పెట్టి ఎక్కొద్దు. గింతే లెక్క."

తీరా కట్టడానికి పోతే అంగన్‌వాడీ టీచర్ చంద్రవ్వ అడ్డం నిలబడింది. "సర్కారు బిల్డింగుకు మొల కొట్టాలంటే పర్మిషన్ ఉండాలె చెల్లె. లేకుంటే నా నౌకరి పోతది."

అనుమతి ఇచ్చేది ఎల్లారెడ్డిలో ఉన్న 'గోడలు, కంచెలు మరియు తత్సమాన అడ్డంకుల విభాగం'. అక్కడి క్లర్కు శైలేందర్ సారు మర్యాదస్తుడు. పోగానే కూర్చోమన్నాడు (కుర్చీ లేదు, అయినా అన్నాడు).

"కన్ను సైజు ఎంతమ్మా?"

"మూడు వేళ్లు సార్."

"ఎవరియి?"

"మా అత్తయి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మీ అత్త వేళ్లు ఆన్‌లైన్ల లెవ్వమ్మా."

అలాగని విభాగం ఊరుకోలేదు. నియమం 14(వేలు) ప్రకారం, వేళ్లతో కొలిచే వస్తువులన్నిటికీ సర్కారువారి వేళ్లు ఉండాలని తీర్మానించింది. ఆ హోదా కామారెడ్డి ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్న లక్ష్మీరాజం సారు కుడిచేతికి దక్కింది. ఆ వేళ్లు ప్రతి మంగళవారం ఎల్లారెడ్డికి వస్తాయి. సారు కూడా వాటి వెంట వస్తాడు.

వల బల్ల మీద పట్టదు కాబట్టి, అదే కన్నుతో ఒక నమూనా తెమ్మన్నారు. అత్త చిక్కం అల్లింది, అదే, కూరగాయలు తెచ్చుకునే వల సంచి. సింధూజను చంకనేసుకుని షేర్ ఆటోలో పట్టుకుపోయాను. ఆ మంగళవారం వేళ్లు సెలవులో ఉన్నాయి. నమూనా పెట్టి పొమ్మన్నారు. మళ్లీ మంగళవారం వేళ్లు వచ్చాయి, నమూనా లేదు. నాణ్యత పరీక్ష నిమిత్తం శైలేందర్ సారు దాంట్లో ఉల్లిగడ్డలు మోస్తున్నాడు. ఇంకోటి తెమ్మన్నారు. ఈలోగా లక్ష్మీరాజం సారు ఒక పెళ్లిలో వేడి మటన్ గిన్నె దగ్గర తొందరపడి వేళ్లు కాల్చుకున్నాడు. కట్టు కట్టిన వేళ్లకు మా కన్ను ఇరుకైంది, కట్టు విప్పాక సన్నబడ్డ వేళ్లకు వదులైంది. విభాగం రెండు ఫలితాలనూ గౌరవించి, రెండిటికీ చెరో నమూనా అడిగింది.

ఇప్పుడు ఎల్లారెడ్డి కూరగాయల మార్కెట్‌లో ఆ విభాగం ఉద్యోగులను ఎవరైనా గుర్తుపడతారు. అందరి చేతుల్లోనూ మా చిక్కాలే: టమాటలు, వంకాయలు, ఒకరి చిక్కంలో ప్రాణమున్న కోడి.

"ఒక్క ఉల్లిగడ్డ కింద పడలేదమ్మా," అని మెచ్చుకున్నాడు శైలేందర్ సారు. "ముడి అంటే గిట్లుండాలె."

"మరి పిల్లలు గూడ పడరు గద సార్?"

"అది వేరే టెస్టమ్మా."

అసలు వల మా ఇంట్లో మూలకుంది. కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయి. అంగన్‌వాడీ నడిచినంతసేపూ ఆ ఖాళీలో నేనే కూర్చుంటున్నాను. ప్రస్తుతానికి ఆ దిక్కు గోడను నేనే (నాకు అనుమతి అక్కర్లేదట, నన్ను మొల కొట్టి బిగించలేదు కదా). మంగళవారం మాత్రం గోడ ఎల్లారెడ్డికి పోతుంది. ఆ పూట మిగతా పిల్లల మీద చంద్రవ్వ ఒక కన్ను వేసి ఉంచుతుంది. రెండో కన్ను గుడ్లు ఉడికే గిన్నె మీద ఉండాలి.

పోయిన మంగళవారం అత్త కూడా వచ్చింది. "ఏందే, నేను వల అల్లుతున్ననా, ఆఫీసోళ్లకు బజారు చేస్తున్ననా?" అని ఆటో దిగేదాకా నన్నే తిట్టింది. లోపలికి పోగానే లక్ష్మీరాజం సారు చెయ్యి అందుకుంది.

"ఇటియ్యి బిడ్డా." తన మూడు వేళ్లు ఆయన మూడు వేళ్ల పక్కన ఆనించింది. సమానం. "ఇగో, ఒక్కటే గద!"

సారు చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. "ఒక్కటే అవ్వా. కాని నీ వేళ్లకు జాయినింగ్ ఆర్డర్ లేదు." అయినా దయగల మనిషి. తన వేళ్లే దూర్చి, కన్ను పాస్ చేశాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. దరఖాస్తులో చివరి గడి ఒక్కటే మిగిలింది: 'ఆ స్థలంలో ఇదివరకు జరిగిన ప్రమాదాలు.' సంతోషంగా 'లేవు' అని రాసి ఇచ్చాను.

శైలేందర్ సారు చదివి నొచ్చుకున్నాడు. "గిట్ల రాస్తే ఫైలు అడుక్కు పోతదమ్మా. ప్రమాదమైన ఊళ్లకే ముందిస్తరు. ఒక్కటన్న చూపెట్టాలె."

నేను తెల్లకాగితం అడిగి తీసుకుని, అంగన్‌వాడీ పిల్లలందరి పేర్లూ రాశాను. మొదటి పేరు సింధూజది. ఎవరిని చూపెట్టమంటారో టిక్కు కొట్టమని ఆయన ముందు పెట్టాను.

ఆయనకు కోపం రాలేదు. పేర్లన్నీ ఓపికగా చదివి, అక్షరక్రమంలో లేవని తిప్పి ఇచ్చాడు.