జ్యోత్స్న చదివిన గంటలు

2003 జూన్‌లో ఒక బుధవారం ఉదయం రూతు టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండు లోపల జ్యోత్స్న కాగితాలు పూర్తిచేసి, నాలుగింటి కొరియర్‌లో పడేసి, ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవాలి. బెంగళూరు శివార్లలో చందాపుర దాటాక ఉన్న ఆ నర్సింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా పాఠాలు చెప్తున్న మనిషికి అంతకంటే పెద్ద కోరికలు మిగల్లేదు.

జ్యోత్స్న ఆమె పాత విద్యార్థిని. విదేశంలో ఒక ఆస్పత్రి ఉద్యోగం ఇస్తానంది. అక్కడి నర్సింగ్ బోర్డు మాత్రం ఆ పిల్ల చదువు లెక్క వచ్చే బుధవారంలోగా అందాలంది. అందకపోతే ఉద్యోగం ఇంకొకరిది. ఫారంలో ఒక గడి ఉంది: ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు? ఈ కాలేజీలో గంటలు తప్ప క్రెడిట్లు ఎవరూ ఎరగరు. ఫారం వెనకాల వివరణ ఇచ్చారు. తరగతిలో వారానికో గంట చొప్పున పదిహేను వారాలు కూర్చుంటే ఒక క్రెడిట్. వార్డులో అయితే వారానికి మూడు గంటలు. అంటే మూడు గంటలు నిలబడితేగాని ఒక గంట కూర్చున్నట్టు కాదు. ఇది రాసినవాడు ఏనాడూ వార్డులో నిలబడి ఉండడు.

ప్రిన్సిపల్ వరూధినిగారికీ అక్కడే మండింది. "ప్రాక్టికల్సే మన స్ట్రెంగ్త్ రూతూ. గంటకు గంటే వేయించండి," అన్నారు. వాదించే ఓపిక లేక రూతు ఆ లెక్క ఆఫీసు సూపరింటెండెంటు గురుమూర్తికి అప్పగించింది. కొంప మునిగింది అక్కడే.

గురుమూర్తి నిజాయితీపరుడు. ఆ పిల్ల పేరు కనిపించిన ప్రతి రిజిస్టరూ తీశాడు. కాలేజీ హాజరు తెల్లవారి ఐదున్నరకు ఆస్పత్రి బస్సు ఎక్కేటప్పుడే మొదలై, సాయంత్రం ఐదుకు దిగాక ముగుస్తుంది. అది పదకొండున్నర గంటలు. వార్డు సిస్టరు వేసే హాజరు వేరే, ఎనిమిది గంటలు. తనిఖీకి వచ్చేవాళ్ల తృప్తి కోసం వార్డుకెళ్లిన రోజుల్లో కూడా టైంటేబుల్లో ఆరు గంటల తరగతులు రాసి ఉంటాయి. ఆయన మూడూ కలిపాడు.

మధ్యాహ్నం రెండింటికి రూతు ఆ కాగితం అందుకుని మొత్తం రెండుసార్లు చూసింది. దాని ప్రకారం జ్యోత్స్న మూడేళ్లపాటు రోజుకు ఇరవై ఐదున్నర గంటలు చదివింది. రోజుకు ఉండేదెన్ని గంటలని ఆయన్నే అడిగింది.

"నన్నడిగితే ఏం లాభం మేడం? రిజిస్టర్లో ఉండాది, నేను కలిపినాను," అన్నాడు గురుమూర్తి.

"అందుకేనేమో మేడం, ఆ మూడేండ్లూ నాకు నిద్ర చాల్లేదు," అంది కాగితాల కోసం పొద్దుటి నుంచీ అక్కడే కాచుకుని ఉన్న జ్యోత్స్న మెల్లగా.

రూతుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఎర్ర పెన్ను తీసి బస్సును కొట్టేసింది. కాగితం మీది తరగతులు కొట్టేసింది. ఊపు మీద టిఫిన్లు, దూది ఉండలు చుట్టిన పూటలు, డాక్టరు రౌండుకొస్తే గోడవార నిలబడ్డ గంటలు కూడా కొట్టేసింది. మిగిలినదాన్ని బట్టి జ్యోత్స్న ఫస్టియర్ కూడా దాటలేదు. అది చూసి వరూధినిగారు తెల్లబోయారు. ఇది బయటికి పోతే ఈ కాలేజీలో పాసైనవాళ్లెవరూ పాస్ కానట్టేననీ, తాను మాత్రం సంతకం పెట్టననీ తేల్చేశారు.

నాలుగవడానికి పది నిమిషాలుంది. జ్యోత్స్న గుమ్మంలో నిలబడి, ఏడవకుండా ఉండడానికి చున్నీ కొస మెలిపెడుతోంది. ఆ పిల్ల వార్డులో ఒక్కరోజు కూర్చోగా రూతు చూడలేదు. దూది చుట్టినా వార్డులోనే కదా చుట్టింది అనిపించింది. తెల్లకాగితం తీసి వార్డు రిజిస్టరులోని గంటలూ, నిజంగా జరిగిన తరగతుల గంటలూ రాసింది. క్రెడిట్ల గడి ఖాళీగా వదిలేసింది. "మాకు క్రెడిట్లు తెలియవు. ఈ గంటలు మాత్రం ఈ అమ్మాయి గడిపినవి, నేను చూశాను" అని కింద రాసి, తన పేరుతోనే సంతకం చేసింది. కవరు నాలుగింటి కొరియర్‌లో పడింది.

నెల తర్వాత బోర్డు నుంచి జవాబొచ్చింది. గంటల పట్టిక సరిపోయిందనీ, క్రెడిట్ల గడి వాళ్ల దేశపు విద్యార్థులకు మాత్రమేననీ రాశారు. జ్యోత్స్న మైసూర్‌పాకు పట్టుకొచ్చింది. రూతు ఒక ముక్క నోట్లో వేసుకుని రెండో పేజీ తిప్పింది. ప్రిన్సిపల్‌కు బదులు టీచరు సాక్ష్యమిచ్చింది గనుక, ఆ టీచరు నర్సింగ్ చదివిన గంటల పట్టిక కూడా, ఆమె చదివిన స్కూలు ముద్రతో, నెలలోగా పంపాలట. అది అందాకే జ్యోత్స్నకు అనుమతి.

"దాందేముంది మేడం, మీ స్కూలుకు ఒక ఫోన్ చేస్తే చాలు గదా," అంది జ్యోత్స్న.

నంద్యాలలో రూతు చదివిన ఆ స్కూలు మూతపడి తొమ్మిదేళ్లయింది.