కనబడని చిరుగు

ఆదివారం దుకాణానికి సెలవు కాబట్టి కుట్టుమిషనుకు నూనె పెట్టుకుని, హాయిగా ఒక కునుకు తీయాలని దర్జీ వేసుకున్న పథకం. నూనె డబ్బా మూత తీసేలోగానే భార్య తయారై వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇవాళ ఆర్ట్ ఫెయిర్‌లో మా చెల్లెలు తన మొదటి బొమ్మ పెడుతోందని చెప్పానా? గ్యాలరీ మేడమ్ వచ్చి చూస్తుందట. ఆవిడకి నచ్చితే సరేసరి. లేకపోతే రేపట్నుంచి అది మళ్లీ ఆ ఆఫీసులో ఫైళ్లు సర్దుకోవాల్సిందే. లేవండి!"

ఫెయిర్‌లో అడుగుపెట్టింది మొదలు దర్జీకి బుర్ర పనిచేయడం మానేసింది. ఒకచోట కుర్చీ తలకిందులుగా ఉంది. ఇంకోచోట ఒక మనిషి నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. పాపం అనుకుని మొహాన చల్లడానికి నీళ్ల సీసా తీశాడు.

భార్య చెయ్యి పట్టుకు లాగింది. "ఆయన కళాకారుడండీ!"

"అయితే మాత్రం కళ్లు తిరగవా?"

మరదలు తన స్టాల్ ముందు గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉంది. "బావగారూ, పది నిమిషాలు ఇక్కడ కూర్చోండి. అక్కా నేనూ టీ తాగొస్తాం. ఆ గుడ్డని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

గోడమీద దుప్పటంత తెల్లగుడ్డ. రంగు లేదు, గీత లేదు. ఎడంపక్కగా బెత్తెడు చిరుగు మాత్రం ఉంది. దర్జీ లేచి దగ్గరికెళ్లి చూశాడు. పిచ్చిపిల్ల, హడావిడిలో ఏ మేకుకో తగిలించి ఉంటుంది, చూసుకోను కూడా లేదు! బొమ్మ పేరు 'చిరుగు' అని పక్కనే చీటీ అంటించి ఉంది. కానీ గుడ్డ కనబడ్డాక చీటీలు చదివే అలవాటు ఆయనకు లేదు. చొక్కా కాలరు కింద ఎప్పుడూ ఉండే సూది తీశాడు. గుడ్డ అంచునుంచే పోగులు లాగి, నేతలో నేత కలిపి కుట్టుకుంటూ పోయాడు. టీ దగ్గర క్యూ పెద్దది కావడంతో పని తీరిగ్గానే పూర్తయింది.

మరదలు తిరిగొచ్చి గుడ్డ వంక చూసింది. తర్వాత బావ వంక చూసింది.

"బావగారూ, చిరుగేదీ?"

"ఇంకెక్కడి చిరుగమ్మా!" అన్నాడు దర్జీ గర్వంగా.

"ఆర్నెల్లు ఆలోచించి చింపాను బావగారూ!"

ఆలోచించి చింపేవాళ్లుంటారని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"విప్పేయండి, తొందరగా!" అంది భార్య.

విప్పుదామంటే కుట్టు దొరికితేగా! ముగ్గురూ గుడ్డకి మొహాలు ఆనించి వెతకసాగారు. అటుగా పోతున్నవాళ్లు చీటీ చదివి, వాళ్లూ వెతకడం మొదలుపెట్టారు. ఒకాయన ఫోన్ లైటు వేశాడు. ఇంకొకావిడ కళ్లజోడు అరువడిగింది. "ఎక్కడుందట?" "తెలీదు, వెతుకుతున్నాం." చూస్తుండగానే పెద్ద గుంపు చేరింది. ఆ గుంపును తోసుకుంటూ గ్యాలరీ మేడమ్ వచ్చింది. ఆవిడా కాసేపు వెతికింది.

మరదలికి ఏడుపు ఆగలేదు. "చిరుగుండాలి మేడమ్. మా బావగారు కుట్టేశారు."

"ఎక్కడ కుట్టారండీ?" అంది మేడమ్ దర్జీతో.

"మీ దగ్గర దాచడమెందుకు? నాకూ కనబడటం లేదు."

మేడమ్ గుడ్డనీ, గుంపునీ మార్చి మార్చి చూసింది. "పొద్దుట్నుంచి ఇక్కడ ఏ బొమ్మ ముందూ ఎవరూ నిమిషం నిలబడలేదు. దీన్ని మా గ్యాలరీలో పెడుతున్నాను. కింద ఇద్దరి పేర్లూ రాయండి. ఇలాంటివి ఇంకో పది కావాలి."

మరదలు ఏడుపు ఆపకుండానే నవ్వేసింది. "నేను చింపుతా, మీరు కుట్టండి బావగారూ!"

"అసలు చింపకుండా ఉంటే సరిపోదా?" అన్నాడు దర్జీ.

మర్నాడు దుకాణం తెరవగానే ఒకాయన మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు తెచ్చాడు. దర్జీ దాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, మర్యాదగా అడిగాడు:

"ఇది దానంతటది చిరిగిందాండీ, ఆలోచించి చింపారా?"