కూర్మయ్య వీపు మీద కూర్మం

ఆ పొద్దున కూర్మయ్య వేసుకున్న ఎత్తు చిన్నదే. వైద్యానికని ఇంట్లో పెంచుకుంటున్న తాబేలుని టెక్కలి తీసుకెళ్ళాలి. అక్కడ ఎవరి కంటా పడకుండా తన వీపుకి వైద్యం చేయించుకుని రావాలి.

వీపు మీద తామర లేచింది మరి. పదిహేను రోజుల్లో ఊరి సంతర్పణ. తామర ఉన్నవాడు సంతర్పణ గరిటె ముట్టకూడదని ఊరి కట్టు. ఇరవై ఏళ్ళుగా ఆ గరిటె కూర్మయ్యది. దాని మీద కన్నేసి కూర్చున్నవాడు బావ వరసయిన పెంటయ్య. టెక్కలికి కొత్తగా వచ్చిన డాక్టరు ఆయిలింజనుతో వెలిగే దీపం తెచ్చాడనీ, కంటికి కనపడని దాని కిరణాలకి తామర మాడిపోతుందనీ కూర్మయ్య సోంపేట సంతలో విన్నాడు.

భార్య రత్నాలమ్మకి అనుమానం రాలేదు. కూర్మనాథస్వామి అంశని కొలుచుకునే ఆ తాబేలుని, గద్ద ఎత్తుకుపోతుందని ఆర్నెల్లుగా చీకటి గదిలో దాచింది ఆవిడే. దాని డిప్ప మెత్తబడింది, మేత మానేసింది.

"సామిని జాగర్తగా తీసుకెల్లయ్యా. తోడుకి పెంటయ్యన్నయ్యని బండి కట్టమన్నాను" అంది.

కూర్మయ్య ఎత్తు అక్కడే సగం చెడింది.

టెక్కలిలో డాక్టరు తాబేలుని తిప్పి చూసి, "ఎండ లేక ఇలా అయింది. దీపం కింద పది నిమిషాలుంచుదాం. ఆ తరవాత రోజూ ఎండలో వదలండి" అని ఇంజను తిప్పడానికి వెళ్ళాడు. ఇదే సందని కూర్మయ్య ఎద్దులకి నీళ్ళు పెట్టమని పెంటయ్యని పంపేసి, పైగుడ్డ తీసి దీపం కింది బల్ల మీద బోర్లా పడుకున్నాడు. అంతలోనే గుమ్మంలో పెంటయ్య చెప్పుల చప్పుడు. చేతికందిన తాబేలుని తామర మీద బోర్లించుకున్నాడు.

"ఇదేటి బావా!" అన్నాడు పెంటయ్య.

"ఒంటరిగా ఉంటే సామి బెదిరిపోద్ది. నా ఈపు మీదైతే నిదానంగా ఉంటాది."

డాక్టరు నవ్వుకుని కూర్మయ్యకి నల్ల కళ్ళద్దాలు పెట్టాడు.

"మరి సామికెట్టరా బాబూ?" అన్నాడు పెంటయ్య.

పది నిమిషాలయ్యాక కూర్మయ్య బతిమాలాడు. "ఇంకో పది ఉంచండి బాబూ. మల్లీ ఇంత దూరం రాలేం."

మర్నాటికి వీపు నిప్పుల కుంపటి. అరుగు మీద బోర్లా పడుకుని మూలుగుతుంటే, కొబ్బరి నూనె తెచ్చిన రత్నాలమ్మ గిన్నె వదిలేసింది.

"ఓలమ్మో! కూర్మనాథసామి ఎలిసినాడే!"

ఎర్రగా కాలిన వీపు నడుమ తాబేలు ఆకారంలో మామూలు చర్మం. అందులో తామర చుట్టలు అచ్చం డిప్ప మీది గళ్ళలా ఉన్నాయి. మధ్యాహ్నానికి వీధి వీధంతా వచ్చి తాకి కళ్ళకద్దుకుంది. పెంటయ్యయితే మోచెయ్యి దాకా ఆ వీపుకేసి రాసుకున్నాడు.

ఊరికి పెద్దదయిన ముసలమ్మ తీర్పు చెప్పేసింది. "సామి ఎలిసినోడు పొయ్యికాడ మసి పూసుకుంటాడేటి? పీట మీద కూకోబెట్టి మొదటి ఆకెయ్యండి. గరిటె పెంటయ్య పడతాడు."

నిజం చెబితే గరిటె పోతుంది. చెప్పకపోయినా పోయింది.

సంతర్పణ నాటికి రోజూ ఎండలో తిరిగిన తాబేలు డిప్ప గట్టిపడి, తోటకూర కట్టలు నమిలేస్తోంది. పీట మీద కూర్చున్న కూర్మయ్యకి పెంటయ్య పులుసు వడ్డించడానికి వచ్చాడు. ఉప్పు చాల్లేదు. పైగా వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె కాడతో మోచెయ్యి గోక్కుంటున్నాడు. ఆ గోకుడు కూర్మయ్య ఎరిగినదే.

పెంటయ్య వంగి చెవిలో అన్నాడు. "బావా, ఎవరితోనూ అనకు. మీ సామిని ఓ రోజుకి అరువిత్తావేటి? టెక్కలి ఎల్లొత్తాను."

కూర్మయ్య గరిటె కోసం చెయ్యి చాపాడు.